407లో అమ్మాయి ఎలాంటిది?

“పది రోజులా? నేను ఈ ఇంట్లో దిగి పది రోజులేనా?”

తలుపు తీసీ తీయగానే శ్రీహర్షకి ఎదురైన ప్రశ్న ఇది. అతని చేతిలో ఇంకా పప్పు గరిటె ఉంది. గుమ్మంలో కస్తూరి నిలబడి ఉంది. వానకి జుట్టంతా తడిసి ముద్దయినా, కళ్లు మాత్రం నిప్పులు చెరుగుతున్నాయి.

ఎదుటి ఫ్లాట్లో ఉండే ఈ అమ్మాయి తనతో నాలుగు మాటలు మాట్లాడితే చాలని ఎనిమిది నెలలుగా కాచుక్కూచున్నాడు శ్రీహర్ష. లిఫ్టులో “ఏ ఫ్లోర్ అండీ?” అని ఒకసారి, ఉగాదికి కాకినాడ కాజాలు పంచుతూ “మీరూ తెలుగువాళ్లేగా!” అని ఇంకోసారి అడిగింది. అంతే, ఖాతా ముగిసింది. ఇవాళ తనంతట తానే వచ్చి తలుపు తట్టింది. తట్టడమేమిటి, బాదింది.

“ఎవరన్నరండీ అట్ల?” అన్నాడు, ఎవరన్నారో బాగా తెలిసీ.

“405లో ఉండే సౌత్ ఇండియన్ భయ్యా అన్నాడట. ఈ ఫ్లోర్‌లో నన్ను తీసేస్తే సౌత్ ఇండియన్లు మీరిద్దరే.”

సోఫాలో ఉన్న రూమ్మేట్ చైతు ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. “ఆదివారం నేను జైపూర్‌లో ఉన్నానండీ. కావాలంటే బస్సు టికెట్ చూపిస్తా” అని స్నేహితుణ్ణి నిలువునా అప్పజెప్పేశాడు.

ఇంతకీ ఆ ఆదివారం జరిగింది ఇది.

పొద్దున్నే ఓ పెద్దాయన వచ్చాడు. చారల చొక్కా, చంకలో ఫైలు. 407 బెల్లు నాలుగుసార్లు కొట్టి, ఎవరూ పలక్కపోయేసరికి 405కి వచ్చాడు. హిందీలో మర్యాదగానే అడిగాడు. ఎదురింటి అమ్మాయి ఎలాంటిది? ఎవరెవరు వచ్చిపోతుంటారు? ఎన్నాళ్లుగా ఉంటోంది? ఒక్కతే ఉంటుందా?

తెలుగింట పుట్టినవాడికి ఈ ప్రశ్నలు కొత్తేమీ కావు. సంబంధం ఖాయం చేసుకునే ముందు ఓ పెద్దమనిషి వెళ్లి చుట్టుపక్కల వాకబు చేయడం మన దగ్గర మామూలే. శ్రీహర్ష వాళ్లక్కకి కుదిరిన మంచి సంబంధం ఇలాంటి వాకబులోనే చెడిపోయింది. “పిల్ల హైదరాబాద్‌లో మూడేళ్లు ఒక్కతే ఉందట” అని కిరాణా కొట్టాయన చెప్పిన ఒక్క ముక్క చాలింది. ఆ రోజు అక్క అన్నం తినకుండా పడుకున్న సంగతి శ్రీహర్ష మర్చిపోలేదు.

అందుకని, తన గుండెల్లో రాయి పడినా, కస్తూరికి మాత్రం మంచి జరగాలనుకున్నాడు. “అబ్బే, ఒక్కతే ఉండదండీ. ఎప్పుడూ అమ్మానాన్నల దగ్గరే. ఢిల్లీ చూద్దామని వచ్చి పది రోజులయింది. బంగారం లాంటి అమ్మాయి” అని ధారాళంగా చెప్పేశాడు. పెద్దాయన పొల్లుపోకుండా రాసుకున్నాడు. ఆ రాసుకోవడం చూసి, పెళ్లికొడుకు వాళ్లు ఎంత పద్ధతైన మనుషులో అనుకున్నాడు కూడా. తలుపేసుకున్నాక మధ్యాహ్నం దాకా అతనికి దేనిమీదా మనసు నిలవలేదు.

“ఆయన పోలీసండీ!” అంది కస్తూరి. “నా పీసీసీ ఎంక్వయిరీకి మఫ్టీలో వచ్చిన హెడ్ కానిస్టేబుల్. నేను ముఖర్జీ నగర్ కోచింగ్ సెంటర్లో క్లాసు చెప్తున్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. పక్కవాళ్లని అడుగుదామని మీ దగ్గరికొచ్చారు.”

“పీసీసీ అంటే?”

“పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. ఈమె మీద ఏ కేసులూ లేవు, మంచిదే అని రాసిచ్చే కాగితం. అది పంపితేనే వియత్నాంలో నాకు ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం. మూడు ఇంటర్వ్యూలు, రెండు డెమో క్లాసులు అయ్యాక వచ్చిందండీ ఆ ఉద్యోగం. ఈ నెల ఇరవై ఎనిమిదిలోగా పంపకపోతే ఇంకొకళ్లని తీసుకుంటారు. ఇవాళ పద్దెనిమిది.”

శ్రీహర్ష చేతిలో గరిటె కిందికి దిగింది.

“రెండేళ్ల అద్దె అగ్రిమెంట్ పెట్టి అప్లై చేశాను. పక్కింటాయన పది రోజులే అన్నాడు. ఇప్పుడు నేనే దొంగ అడ్రస్ ఇచ్చానని రిపోర్టు వెళ్లింది. ఎందుకు చెప్పారలా? నేను మీకేం అన్యాయం చేశాను?”

“పొరపాటైందండీ...”

“పొరపాటంటే రెండేళ్లు మూడేళ్లవడం. రెండేళ్లు పది రోజులవడం కాదు.”

నిజం చెబితే నవ్విపోతుంది, చెప్పకపోతే అసహ్యించుకుంటుంది. శ్రీహర్ష గొంతు సవరించుకున్నాడు.

“రేపు పొద్దుగాల్నే స్టేషన్‌కి వస్త. చెప్పింది నేనే కదా, తప్పని నేనే రాసిస్త.”

“రేపు శుక్రవారం. మీకు ఆఫీసు లేదా?”

“లీవ్ పెడ్త.”

ఆమె ఒక్క క్షణం అతనివంక అనుమానంగా చూసి, “పదింటికి కింద గేటు దగ్గర” అని చెప్పి వెళ్లిపోయింది.

తలుపు పడగానే చైతు లేచి కూర్చున్నాడు. “ఒరేయ్, ఆ కాగితం వస్తే ఆ అమ్మాయి వెళ్లిపోతుంది. తెలుసుగా?”

“తెలుసు.”

“మరి?”

“మరి ఏంది? రాకుండ చెయ్యమంటవా?”

చైతుకి తెలియనిది ఒకటుంది. శ్రీహర్ష రోజూ పొద్దున్న ఆరింటికి జాగింగుకి వెళ్లేది ఆరోగ్యం కోసం కాదు. ఢిల్లీ పక్కనే వైశాలిలో, వాళ్ల అపార్ట్‌మెంట్ వెనక ఓ చిన్న పార్కుంది. అక్కడ కస్తూరి ఎనిమిది మంది గృహిణులకి ఇంగ్లీష్ మాట్లాడటం నేర్పుతుంది, ఊరికే. పిల్లల స్కూల్లో టీచర్ ఏదైనా అడిగితే భర్త వంక చూడకుండా తామే జవాబు చెప్పాలని వాళ్ల కోరిక. ఎవరు ఎంత తప్పు మాట్లాడినా కస్తూరి నవ్వదు. “ఫిర్ సే, దీదీ” అని మళ్లీ చెప్పిస్తుంది. మూడోసారికి వాక్యం సరిగ్గా వస్తే మాత్రం అందరికంటే ముందు తనే చప్పట్లు కొడుతుంది.

శ్రీహర్ష చదివింది వరంగల్ దగ్గర తెలుగు మీడియం బడిలో. మొదటి ఇంటర్వ్యూలో “నీ గురించి చెప్పు” అని ఇంగ్లీష్‌లో అడిగితే నోరు పెగల్లేదు. ఎదుట కూర్చున్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. అందుకే ఈ అమ్మాయి నవ్వకపోవడం అతనికి అంత గొప్పగా కనిపించింది. పార్కు చుట్టూ రెండు రౌండ్లు చాలనుకున్నవాడు తొమ్మిది తిరిగేవాడు.

మర్నాడు పొద్దున్న వాన దంచికొట్టింది. ఈ-రిక్షాలో ఎదురెదురుగా కూర్చున్నారు. ఫైలు తడవకుండా కస్తూరి దాన్ని దుపట్టాలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నీళ్లు నిలిచిన చోట రిక్షా ఒరిగినప్పుడల్లా అతను ఫైలు వైపు చెయ్యి చాస్తున్నాడు.

“నేను పడినా ఫర్లేదన్నమాట, ఫైలు పడకూడదు” అంది చివరికి.

“మీరు పడితే లేస్తరు. ఫైలు పడితే ఇరవై ఎనిమిది దాటుతది.”

కస్తూరికి నవ్వొచ్చింది. కోపంలో ఉన్నానని గుర్తొచ్చి వానవైపు తిరిగింది.

స్టేషన్‌లో ఎంక్వయిరీ చూసే సబ్ ఇన్‌స్పెక్టర్ ఓ నడివయసు మేడమ్. కళ్లజోడు పైనుంచి ఇద్దర్నీ పరకాయించి హిందీలో మొదలుపెట్టింది.

“మా మనిషికి తప్పు చెప్పింది నువ్వేనా? ఎందుకు చెప్పావు?”

“జీ... వాళ్లు పోలీసులని తెలియదు మేడమ్.”

“మరి ఎవరనుకున్నావు?”

శ్రీహర్ష పక్కకి చూడకుండా చెప్పాడు. “పెళ్లికొడుకు తరఫువాళ్లనుకున్నా. అమ్మాయి ఒంటరిగా ఉంటోందంటే సంబంధం తప్పిపోతుందేమోనని...”

టైపు కొడుతున్న కానిస్టేబుల్ చెయ్యి ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర ఎవరో ఫక్కున నవ్వారు. కస్తూరి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

“అచ్ఛా! ఈమెకి పెళ్లి కుదిరితే నీకేమొస్తుంది?”

“ఏమీ రాదు మేడమ్.”

“ఏమీ రానివాడు అంత అబద్ధం ఆడతాడా?”

శ్రీహర్ష చెవులు ఎర్రబడ్డాయి. మేడమ్ జవాబు కోసం ఆగలేదు. రెండు తెల్లకాగితాలు అతని ముందుకు తోసింది.

“రాయి. ఈమె నీకు ఎన్నాళ్లుగా తెలుసు, ఏం చేస్తుంది, ఎలాంటిది. విన్నది వద్దు. నీ కళ్లతో చూసింది రాయి. హిందీ రాకపోతే ఇంగ్లీష్‌లో రాయి.”

ఓ మూల బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. పది నిమిషాల పనికి ముప్పావుగంట పట్టింది. కొట్టేశాడు, మళ్లీ రాశాడు, కిటికీలోంచి వానని చూశాడు, మళ్లీ రాశాడు. తెచ్చి ఇస్తే మేడమ్ మొదటి పేజీ చదివింది, రెండోది తిప్పింది. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

“పోలీసులకి కావాల్సింది ఇందులో పైన నాలుగు వాక్యాలే. అవి వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టు. మిగతాది మాకు సంబంధించింది కాదు.” ఆ రెండు పేజీలూ కస్తూరి చేతిలో పెట్టింది. “ఇది మీ పేరు మీద ఉంది. మీరుంచుకోండి.”

స్టేషన్ వరండాలో నిలబడి కస్తూరి ఆ కాగితాలు చదివింది. ఇంగ్లీష్‌లో తడబడుతూ అతను రాసింది తెలుగులో చెప్పుకుంటే ఇదీ.

‘ఈమె రెండేళ్లుగా ఇక్కడ ఒంటరిగా ఉంటోంది. నేను ఎనిమిది నెలలుగా చూస్తున్నాను. ఈమె మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. నేను ముందు చెప్పింది అబద్ధం. ఒంటరిగా ఉండటం తప్పు కాదని తెలిసి కూడా, ఈమె తరఫున నేను దాన్ని తప్పులా దాచాను. అందుకు సిగ్గుపడుతున్నాను. ఈమె పాఠం చెప్తుంటే తప్పు మాట్లాడినవాళ్లు తలదించుకోరు. ఎనిమిదో నంబర్ బ్లాకు ఆంటీ పోయిన నెల స్కూల్ మీటింగులో సొంతంగా మాట్లాడి వచ్చి పార్కులో ఏడ్చింది. ఈమె కూడా ఏడ్చింది. నేను చెట్టు వెనక ఉన్నాను. నా చిన్నప్పుడు ఇలాంటి టీచర్ ఉంటే నేను ఇంకా ధైర్యంగా ఉండేవాణ్ణి. ఈమె వెళ్లిపోతే నాకు బాధగా ఉంటుంది, చాలా. కానీ అక్కడి పిల్లలు అదృష్టవంతులు. దయచేసి పంపండి.’

సంతకం పెట్టి బయటికొచ్చిన శ్రీహర్షకి ఆమె మొహం కనిపించలేదు. కాగితాలు అడ్డం పెట్టుకుంది.

“తప్పులున్నయా?” అన్నాడు భయంగా.

“బోలెడు.”

“దిద్దండి మరి.”

“దిద్దను” అంది. “చెట్టు వెనక నుంచున్నది ఎందుకండీ? ముందుకొచ్చి కూర్చోవచ్చుగా.”

“ఆడవాళ్ల క్లాసు కదా అని...”

“ఆ రోజు వచ్చింది నిజంగానే పెళ్లివాళ్లయితే? నాకు కుదిరిపోవాలని అనుకున్నారా?”

“మీరు మంచిగుండాలె అనుకున్న. అంతకుమించి ఆలోచిస్తే అబద్ధం నోట్లోంచి వచ్చేది కాదు.”

కస్తూరి ఆ కాగితాల్ని ఫైల్లో, పాస్‌పోర్టు పక్కన జాగ్రత్తగా పెట్టుకుంది. తిరుగు ప్రయాణంలో ఈ-రిక్షాలో ఎదురుగా కాక పక్కన కూర్చుంది. ఎందుకని అతను అడగలేదు. ఎదురు సీటు తడిసిందని ఆమే చెప్పింది. నిజానికి రెండు సీట్లూ తడిసే ఉన్నాయి.

ఇరవై ఆరో తారీఖు సాయంత్రం మళ్లీ తలుపు చప్పుడైంది. ఈసారి నెమ్మదిగా, రెండుసార్లు.

“వచ్చేసింది!” కాగితం అతని చేతిలో పెట్టింది కస్తూరి. “మధ్యాహ్నమే స్కాన్ చేసి పంపించాను. స్కూల్ వాళ్లు అందిందని రాశారు కూడా.”

శ్రీహర్ష అది పైనుంచి కింది దాకా చదివాడు. చాలా సంతోషమేసింది. వెంటనే చాలా దిగులేసింది. ఆ రెండూ ఒకేసారి మనిషికి వస్తాయని అతనికి అప్పుడే తెలిసింది.

“కంగ్రాట్స్ అండీ. ఎన్నాళ్లు అక్కడ?”

“కాంట్రాక్టు ఏడాది. ఇందాకే నాన్నగారికి ఫోన్ చేసి, ఈ ఏడాది నాకు సంబంధాలేం చూడొద్దని చెప్పేశాను.”

“మంచి పని చేసిన్రు.”

“ఎందుకని అడిగారు. మీ పేరు చెప్పాను.”

“నన్ను... నన్నొక్క మాట అడగకుండనే?”

“పోలీసులకి చెప్పేటప్పుడు మీరు నన్నడిగారా?”

లోపల్నించి చైతు నవ్వు గట్టిగా వినిపించింది. కస్తూరి ఈలోగా మళ్లీ ఇంటికి ఫోన్ కలిపింది. “నాన్నగారు మాట్లాడతారట” అని అతని చెవికి అందించింది.

“బాబూ, నేను కాకినాడ నుంచి పద్మనాభాన్ని” అంది అటునుంచి ఓ నిదానమైన గొంతు. “నువ్వు పోలీసులకి రాసిన కాయితం మా అమ్మాయి నాకు చదివి వినిపించిందయ్యా. మేం సంబంధాలు చూసేటప్పుడు చాలా అడుగుతాం. ఉద్యోగం, ఆస్తి, ఊరు. అందులో అవేం లేవు. ఒక్కటే అడుగుతాను. మా అమ్మాయిని వెళ్లొద్దనాలని నీకు ఉందా?”

“ఉందండీ” అన్నాడు శ్రీహర్ష. ఈసారి అబద్ధం చెప్పదలచుకోలేదు. “కానీ అనను. ఆమె పోవాలె. నేను ఎదురుచూస్త.”

“ఆ మాట కోసమే మాట్లాడాలన్నానయ్యా. మీ నాన్నగారి నంబరివ్వు.”

శ్రీహర్ష ఫోన్ చేత్తో మూసి కస్తూరి వైపు చూశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవాలని కూడా తోచలేదు.

“ఏమంటున్నారు?” అంది ఆమె.

“మా నాన్న నంబర్ అడుగుతున్నరు.”

“అయితే త్వరగా ఇవ్వండి” అంది కస్తూరి, అతని మోచెయ్యి పట్టుకుని. “పదో తారీఖుకే నా ఫ్లైట్. అంతలోపల మీతో చాలా మాట్లాడాలి నేను.”