టీచరమ్మ చూడాల్సిన ఆఖరి చర్చి

ప్లాట్‌ఫాం మారింది!

ఎవడూ చెప్పి చావడు. బోర్డు మీద అంకె మారుతుంది, అంతే. మూడు పోయి ఆరు వచ్చింది. రైలు కదలడానికి ఇంకా రెండే నిమిషాలు!

బొలోన్యా స్టేషన్ మొత్తం ఒక్కసారిగా పరుగు లంకించుకుంది.

నేవియో కూడా పరిగెడుతున్నాడు.

మెట్లు దిగాలి. సొరంగం దాటాలి. మళ్లీ మెట్లు ఎక్కాలి. అరవై రెండేళ్ల మోకాలు... మెట్టు మెట్టుకీ లోపల ఎవడో సుత్తితో కొడుతున్నాడు.

ముందు ఇరవై అడుగుల దూరంలో నీలం టోపీ. దాని కింద తెల్లజుట్టు. డెబ్బై నాలుగేళ్ల ముసలమ్మ. లేడిపిల్లలా మెట్లెక్కేస్తోంది!

'ఈవిడ మోకాళ్లు దేంతో చేశావయ్యా దేవుడా!'

విజిల్!

తలుపులు మూసుకుంటున్నాయి. నేవియో భుజం అడ్డం పెడతాడు. కెమెరా బ్యాగ్ ఇరుక్కుంటుంది. లాగుతాడు... లోపల పడతాడు.

రైలు కదిలింది.

బ్యాగ్‌ని తడిమి చూసుకుంటాడు. అందులో కెమెరా లేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

ముసలమ్మ పేరు ఎర్సీలియా తస్సినారి. రిటైరైన స్కూల్ టీచరు. ఐదు నెలల కిందట తన బాల్కనీలో పూలకుండీలకి నీళ్లు పోస్తూ కిందకి చూసింది. అదే ఆమె చేసిన పాపం. కింద లోరిస్ బెల్లోని ఒక మనిషిని కాల్చి చంపుతున్నాడు.

సోమవారం ఉదయం కోర్టులో ఆమె లోరిస్ వైపు వేలు చూపించి "వీడే" అంటుంది.

లోరిస్ తండ్రి నేవియోని పిలిపించాడు. పెద్దాయన ఎక్కువ మాట్లాడడు.

"ఆవిడ సోమవారం చూడకూడదు. చూసిందా... నువ్వు మంగళవారం చూడవు."

అంతే.

పోలీసులు టీచరమ్మని ఒక ఫ్లాట్‌లో దాచారు. ఐదు నెలలు కిటికీ కూడా తీయనివ్వలేదు. ఆమె మొండికేసింది. 'రవెన్నా ఊళ్లో చర్చిలు చూపించకపోతే కోర్టులో నోరు విప్పను!' చచ్చినట్టు ఒప్పుకున్నారు. పక్కన ఒక పోలీసు పిల్లనిచ్చి, మేనకోడలని చెప్పమన్నారు. ఇంత గుట్టుగా అన్నీ చేసి ఏం లాభం? నిన్న ప్రయాణానికి రొట్టెలు కొనడానికని మొదటిసారి బయటికి తీసుకెళ్తే, కొట్లో ఆమే చెప్పేసుకుంది, రేపు రవెన్నా వెళ్తున్నానోచ్ అని. ఆ కొట్టువాడు బెల్లోని మనిషి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈవిడ నోరు ఈవిడ ప్రాణం మీదకే తెచ్చింది.

నేవియో వాళ్లకి ఎదురు సీట్లో కూలబడతాడు. వేషం హాలెండ్ టూరిస్టుది. గడ్డి టోపీ, మెడలో మ్యాపు, చెప్పుల్లోకి తెల్ల సాక్సులు! ఇటలీలో పుట్టినవాడెవడూ చచ్చినా చెప్పుల్లోకి సాక్సులు వెయ్యడు. అందుకే ఎవడికీ అనుమానం రాదు. జెనోవాలో ఉన్న వాళ్లమ్మ చూస్తే మాత్రం అక్కడికక్కడే గుండె ఆగి పోతుంది.

"ఏ ఊరు బాబూ మీది?" టీచరమ్మ అడగనే అడిగింది.

"హాలెండ్. నేను... చూచు... చర్చి."

"అబ్బో, నేనూ అంతే! ఎనిమిది చూడాలి ఇవాళ. లిస్టు రాసుకున్నా."

"అత్తా, ఆయన్ని వదిలెయ్యి." మేనకోడలు వాన్నా చూపు మాత్రం నేవియో మీద నుంచి కదలడం లేదు. జూన్ ఎండలో జాకెట్ వేసుకుంది. అంటే చంక కింద తుపాకీ ఉంది.

నేవియో పళ్లికిలిస్తాడు. వచ్చీరాని భాషలో రెండు ముక్కలు మాట్లాడతాడు. వాన్నా కళ్లు సాక్సుల మీదకి దిగుతాయి. కాస్త జాలిపడి కిటికీ వైపు తిరుగుతుంది.

పాసయ్యాడు!

కానీ సంతోషం లేదు. అలసట ఉంది. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని... రైళ్లు, వేషాలు, ఎవరి వెనకాలో నడక. వెచ్చటి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టుకుని, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా కూర్చోవాలని ఉంది. ఇంకేం వద్దు.

* * *

మొదటి చర్చి. జనం.

రెండోది... సమాధి మందిరం. చిన్నది. లోపల చీకటి. ఐదు నిమిషాలకంటే ఎవర్నీ ఉండనివ్వరు. వాన్నా గుమ్మంలో ఆగింది!

లోపల టీచరమ్మ, నేవియో. ఇద్దరే!

కప్పంతా నీలం. నీలంలో బంగారు నక్షత్రాలు. ఆమె మెడ పూర్తిగా వెనక్కి వాల్చి చూస్తోంది. నోరు తెరుచుకుపోయింది.

నేవియో చెయ్యి బ్యాగ్‌లోకి వెళ్తుంది. జిప్పు... సగం... చల్లటి పిడి...

"లైన్‌లో రండి! తోసుకోవద్దు!"

నలభై మంది స్కూలు పిల్లలు! బిలబిలమంటూ లోపలికి పడ్డారు. నేవియోని గోడకి నొక్కేశారు.

"ఏయ్! టోపీలు తియ్యండి! ఆ చూయింగ్ గమ్ ఎవరిది?" టీచరమ్మ గద్దించింది. ఆమె పిల్లలు కాదు, ఆమె స్కూలూ కాదు. అయినా నలభై టోపీలూ టక్కున దిగాయి. నేవియో చెయ్యి కూడా తన టోపీ మీదకి పోయింది.

మూడోది. నాలుగోది. ఐదోది! ప్రతి చోటా మెట్లు. ప్రతి చోటా ఆమె పది నిమిషాలు కదలకుండా నిలబడుతుంది. ప్రతి చోటా వాన్నా ఒక చేతి దూరంలోనే!

ఆరోదానికి నేవియోకి దేవుడి మీద నమ్మకం పోయింది. ఏడోదానికి కాళ్ల మీద కూడా పోయింది.

* * *

మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

రోడ్డు పక్కన పియదీనా బండి. వేడివేడి రొట్టె, మధ్యలో వెన్నలాంటి జున్ను. ముందు నాలుగు ఇనుప బల్లలు. టీచరమ్మ, వాన్నా ఒక బల్ల దగ్గర. పక్క బల్ల దగ్గర నేవియో.

ముందు నురుగు కక్కుతున్న పాలకాఫీ. మధ్యాహ్నం భోజనంతో పాలకాఫీ! ఇటలీలో ఎవడూ ముట్టడు. కానీ టూరిస్టులు ఇదే తాగుతారు మరి. కళ్లు మూసుకుని మింగుతాడు.

అప్పుడొచ్చింది.

నల్లగా... పొడుగ్గా... మెల్లగా... శవబండి.

ఖాళీది!

నిండుగా పోయే శవబండికి ఈ దేశంలో ఎవరూ భయపడరు. దానికి కావాల్సింది దొరికింది, పోతోంది. ఖాళీది అలా కాదు. అది ఇంకా వెతుక్కుంటోంది. చూసినవాడు వెంటనే ఇనుము ముట్టుకోవాలి.

పియదీనా బండివాడు అట్లకాడ పట్టుకున్నాడు. వాన్నా తాళాలు తడిమింది. టీచరమ్మ హ్యాండ్‌బ్యాగ్ క్లిప్పు నొక్కింది. వెనక బల్ల దగ్గరున్న జర్మన్లు మాత్రం ఏం తెలీకుండా తింటున్నారు.

శవబండి మలుపు తిరిగిపోయింది.

నేవియో కిందకి చూస్తాడు.

తన ఎడమచెయ్యి... బల్ల కోడుని గట్టిగా పట్టుకుని ఉంది!

తను పెట్టలేదు. అదే వెళ్లింది. అరవై రెండేళ్ల అలవాటు!

చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. కళ్లు మాత్రమే పైకెత్తి చూస్తాడు... వాన్నా ఫోన్‌లో ఉంది. టీచరమ్మ రొట్టె లోంచి కారుతున్న జున్నుని నాలుకతో అందుకుంటోంది.

ఎవరూ చూడలేదు.

ఊపిరి వదుల్తాడు.

జేబులో ఫోన్ అదురుతోంది. పియదీనా బండి వెనకాలకి పోయి ఎత్తుతాడు.

"అయిందా?" పెద్దాయన బెల్లోని.

"జనం ఎక్కువగా ఉన్నారు."

"నీకు ముసలితనం వచ్చిందిరా నేవియో."

"వచ్చింది."

"సాయంత్రం రైలు ఆమె ఎక్కితే, నువ్వు ఎక్కకు. అర్థమైందా?"

కట్!

తిరిగొచ్చేసరికి టీచరమ్మ అతని బల్ల దగ్గరే నిలబడి ఉంది!

"హాలెండ్ బాబూ, ఒక్కటే మిగిలింది. క్లాస్సేలో పెద్ద చర్చి. రైల్లో ఒక్క స్టేషన్. మీరూ రండి. పాపం ఒంటరివాళ్లు!"

"అత్తా!" వాన్నా పళ్లు కొరికింది.

"నువ్వూరుకో అమ్మాయ్. మనిషి పక్కన మనిషుంటే తప్పేంటి?"

వెతకబోయిన తీగ కాలికి తగిలింది! నేవియో నవ్వుతాడు. ఎందుకో ఆ నవ్వు ముఖం మీద నిలవడం లేదు. ఈవిడంటే కాస్త ఇష్టం పుట్టింది. అది మంచిది కాదు.

* * *

క్లాస్సే.

చుట్టూ పొలాలు. మధ్యలో ఒంటరిగా చర్చి. పక్కన గుండ్రటి గంటల గోపురం. బస్సులు వెళ్లిపోయాయి. నిశ్శబ్దం!

లోపల నలుగురైదుగురు. నేవియో వెనక వరసలో నిలబడతాడు. ఎదురుగా వంపు గోడ మీద రంగురాళ్లతో పేర్చిన పచ్చిక... ఎంత పచ్చగా ఉందంటే, పదిహేను వందల ఏళ్లనాటి గోడ అంటే నమ్మబుద్ధి కాదు. గడ్డి మీద బారుగా తెల్ల గొర్రెలు.

టీచరమ్మ కదలడం లేదు. ఇరవై నిమిషాలయింది. రుమాలుతో కళ్లు ఒత్తుకుంటోంది. తర్వాత వాన్నా చెవిలో ఏదో చెప్పింది. వాన్నా తల అడ్డంగా ఊపింది. ఆమె మళ్లీ చెప్పింది.

వాన్నా బయటికి వెళ్లిపోయింది!

టీచరమ్మ నేవియో దగ్గరకొచ్చింది. "పిల్లని మంచినీళ్లకి పంపించా. పదండి, బయట కూర్చుందాం."

చర్చి పక్కన గడ్డి. ఒక రాతి బెంచీ. కనుచూపు మేరలో ఎవరూ లేరు!

ఇద్దరూ కూర్చుంటారు. బ్యాగ్ ఒళ్లో పెట్టుకుంటాడు. జిప్పు తీస్తాడు. చెయ్యి లోపలికి. వేలు ట్రిగ్గర్ మీదకి...

ఒక్క క్షణం. పని అయిపోతుంది.

"నలభై ఏళ్లు చెప్పాను ఈ చర్చి పాఠం," అంది టీచరమ్మ. "నాలుగో క్లాసు పుస్తకంలో ఉండేది. నలుపు తెలుపు బొమ్మ. అది ఆకుపచ్చ అని ఇవాళే తెలిసింది నాకు."

ఆమె అతని మోకాళ్ల వైపు చూసింది.

"కాళ్లు నొప్పులా?"

"నేను... అర్థం కాదు..."

"హాలెండ్‌లో కూడా ఖాళీ శవబండి ఎదురైతే ఇనుము ముట్టుకుంటారా నాయనా?"

గాలి ఆగిపోయింది!

బ్యాగ్‌లో చెయ్యి బిగుసుకుంటుంది. హాలెండ్ భాష, నవ్వు, వేషం... అన్నీ ఒక్కసారే జారిపోయాయి.

"అప్పుడే చూశారా?" సొంత గొంతు. ఉదయం నుంచి మొదటిసారి.

"టీచర్ని కదా. బల్ల కింద ఎవడి చెయ్యి ఏం చేస్తోందో చూడ్డమే నా ఉద్యోగం."

"మరి అరవలేదేం?"

"అరిస్తే ఆ పిల్ల నన్ను వెంటనే బొలోన్యా రైలెక్కించేసేది. ఇది చూడకుండా!"

నేవియో చర్చి వైపు తిరిగాడు.

"ఈ... ఈ చర్చి కోసమా? నేనెవరో తెలిసీ నన్ను వెంటబెట్టుకొచ్చారా?"

"కళ్ల ముందుంటే ఎక్కడున్నారో తెలుస్తుంది కదా. ఐదు నెలలు గంప కింద కోడిలా ఉన్నాను. సోమవారం తర్వాత మాత్రం నన్ను తిరగనిస్తారా ఏంటి?"

"భయం వెయ్యలేదా?"

"ఎందుకు వెయ్యదూ! లోపల కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. మీరు వెనకున్నారు, కనబడలేదు."

నేవియోకి నవ్వొచ్చింది. కడుపు లోపల్నుంచి వచ్చింది. ఎన్నాళ్లయిందో! నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు ఆగడం లేదు.

"నేను అలసిపోయాను టీచరమ్మా," అన్నాడు. "చాలా అలసిపోయాను."

"కనబడుతూనే ఉంది. ఎవరు పంపించారు, బెల్లోనీయా?"

తల ఊపాడు.

"నాకు తెలిసింది ఒక్క హత్య. నీకు ముప్ఫై తెలిసుంటాయి. సోమవారం నాతో కోర్టుకి రా. నా పక్కన కూర్చుని చెప్పు."

"చంపేస్తాడు."

"ఇప్పుడు మాత్రం ఊరుకుంటాడా?"

నిజమే. ఇప్పుడూ ఊరుకోడు. ఎటు తిరిగినా గొయ్యే. కానీ ఒకవైపు కూర్చోడానికి కుర్చీ ఉంటుంది. పక్కన ఈవిడ ఉంటుంది.

టీచరమ్మ అరచెయ్యి చాపింది. క్లాసులో ఎవడి దగ్గరో ఉండేలు లాక్కునే చెయ్యి అది.

"ఊఁ. ఇటివ్వు."

"ఆ పిల్లకి చెప్పలేదా?"

"ముందు అది ఇటివ్వు. మిగతావి తర్వాత."

నేవియో చెయ్యి మెల్లగా బయటికొస్తుంది. పిస్టల్ బరువుగా ఉంది. ఇంత బరువని ఇన్నేళ్లూ తెలీలేదు. దాన్ని ఆమె అరచేతి వైపు జరుపుతాడు...

ఢాం!

పొలాల్లో పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి.

నేవియో గడ్డి మీద ఉన్నాడు. ఎప్పుడు పడ్డాడో తెలీదు. ఛాతీ మీద తడిగా, వెచ్చగా ఉంది.

గోపురం చాటునుంచి వాన్నా పరిగెత్తుకొస్తోంది. రెండు చేతులతో తుపాకీ పట్టుకుంది. "అత్తా! దెబ్బ తగిలిందా? అత్తా!"

"ఎందుకు కాల్చావే!" టీచరమ్మ గొంతు చీలిపోయింది. మోకాళ్ల మీద కూలబడి, రుమాలు అతని ఛాతీకేసి అదుముతోంది. "ఇచ్చేస్తున్నాడే! నా చేతికి ఇచ్చేస్తున్నాడే!"

వాన్నా ఆగిపోయింది. ముఖం సున్నంలా పాలిపోయింది.

"బ్యాగ్ లోంచి తుపాకీ బయటికొస్తే కాల్చెయ్యమని నువ్వేగా చెప్పావు! చర్చిలో, నా చెవిలో..."

నేవియోకి ఆ పిల్ల మీద కోపం లేదు. ఆ మాట చెప్పాలని నోరు తెరుస్తాడు. గాలి మాత్రమే వస్తుంది. టీచరమ్మ అతని చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది.

"అన్నాను," అంటోంది ఆమె. "అన్నానే తల్లీ. చెయ్యి చాపేసరికి మర్చేపోయాను. నీతో అన్నప్పటికి ఇతను నాతో మాట్లాడలేదే!"