అమ్మ గారూ, రేపు సభకి వస్తారా?

పొద్దున్నే టీ పెట్టకముందే ఆ తండ్రి చేసే మొదటి పని, చనిపోయిన భార్య ఫోనుని ఛార్జింగ్‌కి పెట్టడం. కూతురు రోజూ చూస్తూనే ఉంది. చాదస్తం, పోనీలే అని ఊరుకునేది. ఆవిడ పోయి ఏడాది కావస్తున్నా, ఆ మాటెత్తితే అవతలివాళ్లు ఎక్కడ కుమిలిపోతారోనని తండ్రీకూతుళ్లిద్దరూ నోరు కట్టేసుకుని బతుకుతున్నారు.

కూతురిది ఎన్నికల సభలకి సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఉద్యోగం. సభకి రమ్మని ఫోన్లకి సందేశాలు వెళ్తాయి. "వస్తాను" అని నొక్కినవాళ్ల పేరున కుర్చీ పడుతుంది. ఆ రోజు టీ గ్లాసు ఇలా పట్టుకుందో లేదో మేనేజర్ ఫోన్ చేశాడు. ప్రతి సభలోనూ ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటోందట. ఫొటోల్లో ఊడిన పన్నులా కనిపిస్తోందని నాయకుడు మండిపడుతున్నాడట. వస్తానని నొక్కి రాకుండా ఎగ్గొడుతున్న ఆ మహానుభావుడెవరో ఇవాళ తేల్చకపోతే ఉద్యోగం మర్చిపొమ్మన్నాడు.

లాప్‌టాప్ తెరిచి ఆ కుర్చీ ఎవరి పేరున ఉందో చూసింది. అది అమ్మ నంబరు! మొదట్లో అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి అమ్మ నంబరే పెట్టుకుంది. పేరు దగ్గర "అమ్మ" అని కొట్టి, అమ్మని వెనక కూర్చోబెడతామా ఏంటి అని ముందు వరస ఇచ్చింది. "అమ్మ గారూ, రేపు సభకి వస్తారా?" అన్న సందేశం చూసి ఆవిడ పడీ పడీ నవ్వింది. తర్వాత ఆ నంబరు తీసెయ్యాలన్న సంగతే కూతురు మర్చిపోయింది.

"నాన్నా, అమ్మ ఫోన్లోంచి వస్తానని నొక్కేది నువ్వేనా?"

"అంత మర్యాదగా అడుగుతుంటే రానని ఎలా చెప్పనమ్మా?"

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఇక్కడ తన ఉద్యోగం ఊడేలా ఉంటే ఇదేం ఆటని కడిగేసింది. ఆ ఊపులో అనకూడనిది కూడా అనేసింది.

"అమ్మ లేదు నాన్నా. ఇక రాదు. నీకెందుకు అర్థం కాదు?"

ఆయన కేకలెయ్యలేదు. "నాకు తెలీదా తల్లీ? దగ్గరుండి సాగనంపినవాణ్ణి. కానీ ఈ ఇంట్లో మీ అమ్మని పిలిచేది ఆ ఫోనొక్కటే. నువ్వు పిలవవు. నేను పిలవలేను."

ఆయనే, నీ పని పాడవకూడదు, ఆ నంబరు తీసెయ్యమ్మా అన్నాడు. తీసేసింది. తీశాక, ఇన్నాళ్లూ లోపలే దాచుకున్న ప్రశ్న బయటికొచ్చింది.

"ఆ రోజు ఆసుపత్రిలో నేనొచ్చేలోపు అమ్మ నన్నడిగిందా నాన్నా?"

"అడిగింది. అమ్మాయి మొదటి సభకి జనం వచ్చారా అంది. మైదానం నిండిపోయింది, ఆ హడావిడిలో ఉంది, వచ్చేస్తుంది అన్నాను. సంతోషపడింది." ఆయన కూతురి మొహంలోకి చూశాడు. "ఏదో నోటికొచ్చింది చెప్పేశాను. నిజంగా నిండిందా తల్లీ?"

ఆ రోజు వానకి సభే జరగలేదు. ఖాళీ మైదానంలో తడుస్తూ కుర్చీలు ఎత్తించి, ఆమె ఆసుపత్రికి పరుగెత్తేసరికి అంతా అయిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

"నిండింది నాన్నా," అంది ఆయన చెయ్యి పట్టుకుని. "నిలబడ్డానికి కూడా చోటు లేదు."

ఆయన తృప్తిగా తలూపాడు. ఆమె ఆయన భుజం మీద వాలిపోయి, అమ్మా అని పైకే ఏడ్చింది.