అరిటాకు పొట్లం

2005 నవంబర్. శనివారం సాయంత్రం 7.10.

పంజాగుట్ట చౌరస్తాకు వంద గజాల ఇవతల, రోడ్డు పక్కన తెల్ల ఇండికా ఆగి ఉంది. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. డ్రైవర్ స్టీరింగ్ మీదికి వాలిపోయి ఉన్నాడు.

వెనకాల హారన్ల మోత. పంజాగుట్టలో మనిషి ఆగితే ఆగుతాడు గానీ హారన్ ఆగదు.

ఎస్సై మొగిలయ్య కారు తలుపు తీశాడు. డ్రైవర్ ఒంటి మీద నల్ల లుంగీ, నల్ల చొక్కా, మెడలో మాల, నుదుట విభూతి. అయ్యప్ప దీక్షలో ఉన్న మనిషి. నాడి అందలేదు. మొహం, మెడ కందిపోయి ఎర్రగా ఉన్నాయి. చొక్కా మీద వాంతి. వాంతిలో మందు వాసన.

"మాలల తాగిండు. గిట్ల గాక ఎట్లయితది," అన్నాడు గుంపులో ఒకడు.

పక్కవాడు చెంపలు వేసుకున్నాడు. ఇంకేముంది, పది నిమిషాల్లో ఆ మాట చౌరస్తా దాటిపోయింది.

కానిస్టేబుల్ సాయిలు కారంతా గాలించాడు. సీట్ల కింద, డిక్కీలో, డ్యాష్‌బోర్డులో.

"సీసా ఉన్నదా?"

"లేదు సార్."

"గ్లాసు?"

"అది సుత లేదు. తలుపు జేబుల మడిచిన అరిటాకు ఉన్నది. పక్క సీట్ల దారం కట్టిన ఆకు పొట్లం. పూజ సామాను గావచ్చు."

"పంచనామాల రాసి సీల్ చెయ్."

పొట్లం విప్పి చూడలేదు. మొగిలయ్య సర్వీసు ఇరవై రెండేళ్లు. అయినా చూడలేదు.

చనిపోయినవాడి పేరు సురేందర్. వయసు ముప్పై నాలుగు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి క్యాబ్ నడుపుతాడు. యూసుఫ్‌గూడలో అద్దె గది.

ఆదివారం ఉదయం 9.30. మార్చురీ ముందు మెట్ల మీద అతని భార్య సంగీత కూర్చుని ఉంది. పక్కన తోడు ఒక్కరూ లేరు.

"సారూ, ఆయన తాగిండా?"

"రిపోర్టు రావాలమ్మా. రేపు మధ్యాహ్నం బాడీ ఇస్తరు."

"ఇస్తే నేనొక్కదాన్నే మోసుకపోవాలె. పద్దెనిమిది దినాల సంది ఆయనతోని పూజల కూసున్న స్వాములు మా గడప తొక్కుతలేరు. మాలల తాగి సచ్చినోనికి భుజం పట్టేది లేదన్నడట గురుస్వామి. దసరాకే మానేసిన్నన్నడు సారూ. తాగిండో లేదో, గా ఒక్క ముచ్చట చెప్పుండ్రి."

మొగిలయ్య చాలా శవాలను చూశాడు. ఇలా అడిగిన భార్యను చూడలేదు. ఎలా చనిపోయాడని కాదు, తాగాడా లేదా అని మాత్రమే ఆమె అడుగుతోంది.

ట్రిప్ షీట్‌లో చివరి ఎంట్రీ: 6.15, అమీర్‌పేట, మంజూష.

ఆదివారం ఉదయం 11.00. కంప్యూటర్ కోచింగ్ బోర్డుల వెనక సందులో మూడో అంతస్తు ఫ్లాట్. ఓనర్ మంజూష, సురేందర్ పనిచేసే కంపెనీలోనే టీమ్ లీడ్. తల్లి అరుణాదేవి కార్తీక మాసం పూజలని తెనాలి నుంచి వచ్చి ఉంది. హాల్లో టేబుల్ మీద పెద్ద గాజు గిన్నె, కడిగి బోర్లించి ఉంది.

"నిన్న ఇక్కడ పార్టీ అయిందా?"

"ప్రాజెక్ట్ పూర్తయిందని మా టీమ్‌ని పిలిచానండి. ఏడున్నరకి."

"తాగనీకి ఏం పెట్టిండ్రు?"

మంజూష వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది.

"పంచ్ అండి. రెడ్ వైను, కాస్త బ్రాందీ, నారింజ రసం, దాల్చినచెక్క, లవంగాలు, తేనె. యాపిల్, జామ, దానిమ్మ శుక్రవారం సాయంత్రమే అందులో నానబెట్టాను. ఎంత నానితే అంత బాగుంటుంది."

"పండ్లు ఎవరు తెచ్చిండ్రు?"

"సురేందరే. కాయ కాయా ఏరి తెచ్చాడు."

"ఆయనకు పోసిండ్రా?"

"మాలలో ఉన్న మనిషికి ఎవరైనా పోస్తారా? అసలు హాల్లోకే రాలేదండి. ఆరుంబావుకి ఐస్ తెచ్చిచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గర మా అమ్మతో ఏదో మాట్లాడాడు. ఆరున్నరకి పంజాగుట్టలో గెస్టుల్ని ఎక్కించుకోవడానికి వెళ్లాడు."

"ఏమన్నా తిన్నడా?"

"బయట వండినవి తినరు కదండీ."

అరుణాదేవి గుమ్మంలోకి వచ్చింది. "ఎంత మంచి పిల్లాడండీ. నిన్న..."

"అమ్మకేం తెలీదండి," అంది మంజూష గబుక్కున.

మొగిలయ్య ఆ అడ్డుపడటాన్ని గమనించాడు. కారణం మాత్రం అందలేదు. అప్పుడే గట్టిగా అడగనందుకు ఆ సాయంత్రమంతా తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

సోమవారం ఉదయం 8.15. స్టేషన్‌లో ఫోన్ మోగింది. పోస్టుమార్టం చేసిన డాక్టర్.

"ఆల్కహాల్ ఉంది గానీ చాలా తక్కువ. ఒక పెగ్గు కూడా కాదు. గుండె ముందునుంచే బలహీనం. విపరీతమైన జలుబు, ముక్కు పూర్తిగా దిబ్బడేసింది. కడుపులో పండ్ల ముక్కలు తప్ప ఏం లేవు."

"దానికే మనిషి పోతడా సార్?"

"పోడు. ఒంట్లో తాగుడు మాన్పించే మందు ఉంటే మాత్రం పోవచ్చు. దాని మీద కొంచెం ఆల్కహాల్ పడినా మొహం ఎర్రబడి, వాంతై, బీపీ పడిపోతుంది. ల్యాబ్‌కి పంపాను. ఇంట్లో ఎవరైనా పెడుతున్నారేమో కనుక్కోండి."

ఫోన్ పెట్టేసరికి సాయిలు కేకేశాడు. "సార్, ఎవిడెన్స్ కవర్‌కు చీమలు పట్టినయ్."

కవరు నిండా చీమలే. పూజ సామానుకు ఇన్ని చీమలెందుకు? మొగిలయ్య సీలు తీసి, దారం కదపకుండా పొట్లం అంచు ఎత్తి చూశాడు. ఎర్రగా నానిన జామ ముక్కలు. ఒక లవంగం. గుప్పుమని మందు వాసన.



ఉదయం 11.00. అమీర్‌పేట ఫ్లాట్. మంజూష, అరుణాదేవి, సంగీత. సంగీతను సాయిలు జీపులో తీసుకొచ్చాడు.

మొగిలయ్య టేబుల్ మీద రెండూ పెట్టాడు. మడిచిన ఆకు, కట్టిన పొట్లం.

"అరుణాదేవిగారూ, ఇవి మీరిచ్చినవేనా?"

"నేనేనండీ. స్వామికి పండ్లు పెడితే పుణ్యం కదా. మన ఎంగిలి కంచాల్లో తినరని అరిటాకు ముక్కలో పెట్టాను. అమ్మాయి గిన్నె నిండా పండ్లు నానబెట్టింది. పండ్ల రసం అంది. చిల్లుల గరిటెతో ముక్కలు తీసి వడ్డించాను. రెండోసారి కూడా వేయించుకున్నాడు." ఆమె అందరి మొహాలూ చూసింది. "ఏంటి? ఏమైంది?"

మంజూష రెండు చేతుల్లో మొహం దాచుకుంది. "అది వైన్ అమ్మా. నువ్వు బాధపడతావని అబద్ధం చెప్పాను."

అరుణాదేవి వడ్డించిన కుడిచేతిని చూసుకుంటూ ఉండిపోయింది.

"మేమంతా సీసా కోసం వెతికినం," అన్నాడు మొగిలయ్య. "ఆకు ఎవ్వరం చూడలే. ఆకుల మందు ఎవడు తాగుతడు? ఆయన తిన్నది తను ఏరి తెచ్చిన పండ్లే. పొద్దుగాల నాలుగింటి చన్నీళ్ల స్నానాలకు ముక్కు దిబ్బడేసింది. వాసన తెల్వలే. తేనె, దాల్చినచెక్క నడుమ మందు రుచి సుత తెల్వలే."

"తెల్వదని ఎట్ల చెప్తరు సారూ?" అంది సంగీత.

"ఈ పొట్లం చెప్తది. వైనని తెలిస్తే, మాలల ఉన్న మనిషి ఇంటికి కట్టించుకపోతడా?"

అరుణాదేవి పొట్లం వైపు చూసింది. "మా ఇంటామెకు జామకాయంటే మస్తు ఇష్టం, నాలుగు ముక్కలు ఇస్తారా అమ్మా అన్నాడు. దారం అడిగి తనే కట్టుకున్నాడు."

సంగీత పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రెండు రోజుల తర్వాత వచ్చిన ఏడుపు. "తాగలే. మా స్వామి తాగలే."

మొగిలయ్య అక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆపాలనే ఉంది. కానీ రిపోర్టులో ఒక గడి ఖాళీగా ఉంది. ల్యాబ్ నుంచి కాగితం వచ్చాక ఆమెకు అది వేరేవాళ్ల నోట తెలియడం ఇంకా అన్యాయం.

"అమ్మా, ఒకటి అడుగుతా. గా కొంచెం వైన్‌తోని మనిషి పోడన్నడు డాక్టర్. ఇంట్ల ఆయనకు ఏమన్న మందు పెడుతున్నవా?"

ఏడుపు ఆగిపోయింది.

సంగీత పైటతో మొహం తుడుచుకుంది. "పోపుల పెట్టెల ఉన్నది. ఆయన తాగుడు తట్టుకోలేక దసరా ముంగట ఒకాయన దగ్గర కొన్న. పొడి. తెల్వకుండ కలపమన్నడు. దినాం భిక్షల కలిపిన. శనివారం సుత."

"మానేసిండు గదమ్మా."

"మానేసిన్నన్నడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. నేను నమ్మలే సారూ. మాల తీసినంక మళ్ల మొదలువెడతడనుకున్న. గిన్ని దినాలు ఆయన మాట మీదున్నడు. నేనే నమ్మలే."

అరుణాదేవి లేచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. చేతులు మాత్రం పట్టుకున్నారు.

మొగిలయ్య వరండాలోకి వెళ్లి గురుస్వామికి ఫోన్ చేశాడు. "సురేందర్ స్వామి తాగలే. పోలీసోన్ని, నేను చెప్తున్న. రెండింటికి మార్చురీ కాడికి రాండ్రి, అందరినీ తోలుకొని." పొడి సంగతి చెప్పలేదు.

లోపలికి వచ్చేసరికి సంగీత టేబుల్ దగ్గర నిలబడి ఉంది.

"గా పొట్లం నాకిస్తరా సారూ?"

"ఎవిడెన్స్ అమ్మా. కోర్టుకు పోవాలె."

ఆమె తలూపింది. దారాన్ని వేలితో తాకింది.

"ముడి ఆయనదే. ఏది కట్టినా రెండు ముళ్లు వేస్తడు. తొవ్వల ఊడిపోతదని."

మొగిలయ్య పొట్లాన్ని కొత్త కవర్లో పెట్టాడు. ముడి విప్పలేదు.