నూకరత్నం మెచ్చుకోలు

చెవిపెట్టె నూకరత్నానికి కృతజ్ఞతలు చెప్పింది. దాంతో ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"మీ మెచ్చుకోలు మంచినీటి శాఖకు చేరింది. మీలాంటి పౌరులే మా బలం" అంది పెట్టె, గొంతుకు తేనె పూసుకున్నట్టు.

ఆవిడ వెళ్ళింది మెచ్చుకోవడానికి కాదు, కడిగేయడానికి. చామంతిలంకలో కుళాయి తిప్పితే సముద్రం వస్తోంది. ఉప్పునీటిని తీపి చేసే కడలిజల్లెడ పాడైపోయి నెలలైంది. ఆ నీళ్ళతో కడిగిన గేదె ఎండలో ఆరేసరికి తెల్లావైపోయిందనీ, పాలు పితికితే ఏకంగా ఉప్పేసిన మజ్జిగే వచ్చిందనీ ఊళ్ళో చెప్పుకునేవారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, నూకరత్నం కోడలు హిమజకు ఏడో నెల. ఆ నీళ్ళు తాగి తాగి కాళ్ళు అరటిబోదెల్లా వాచాయి, రక్తపోటు పెరిగింది. ఇవే నీళ్ళు తాగితే తల్లీబిడ్డా దక్కరని ఆసుపత్రి నర్సు ఎస్తేరు చెప్పేసింది.

ఆ కాలంలో ప్రభుత్వం మీద ఏ మొరైనా చెవిపెట్టెకే చెప్పుకోవాలి. కరెంటు, రోడ్డు, బియ్యం, ఆసుపత్రి, ఏదైనా సరే. మనుషులు వింటే కులం చూస్తారు, సిఫార్సు చూస్తారు అని, అధికారులు జనం మాట వినడాన్నే చట్టం నిషేధించింది. పెట్టె వింటుంది, మాటను తూస్తుంది, శిక్షో బహుమానమో అప్పటికప్పుడే వేసేస్తుంది. దానికి అన్ని యాసలూ వచ్చు. రానిదల్లా గోదావరి వెటకారం.

నూకరత్నం పెట్టుకున్న మొర ఇది: "ఆయ్, మా నీళ్ళకేం బాబూ, అమృతం. కూరలో ఉప్పేసుకునే పని కూడా లేకుండా సేశారు. మీ కడుపు సల్లగుండ, ఆ పైపేదో పక్కూరిక్కూడా ఎయ్యండి. ఆళ్ళేం పాపం సేశారు?"

వారం తిరక్కుండా పక్క లంకకు పైపు పడింది. వాళ్ళూ గోదావరివాళ్ళే కదా, ఇంకా ఘనంగా మెచ్చుకున్నారు. దాని పక్క లంకకూ పడింది. అలా మెచ్చుకున్నకొద్దీ లంకలన్నిటికీ సముద్రం పంపిణీ అయింది.

ఒకరోజు మంచినీటి శాఖ ఇంజనీరు ఆ మెచ్చుకోళ్ళకు దక్కిన సన్మానఫలకం పట్టుకుని గాలిబండిలో దిగాడు. చెవులకు చట్టప్రకారం చెవిమూతలున్నాయి. ఊరంతా చుట్టూ చేరి గొంతులు పగిలేలా తిట్టింది. ఆయన అందరికీ నవ్వుతూ నమస్కారం పెట్టి, ఫలకాన్ని సరిగ్గా కుళాయి పైనే బిగించాడు. నూకరత్నం గ్లాసుడు నీళ్ళు పట్టి నోటికి అందించబోతే, తన సంచిలోని సీసా చూపించి వద్దన్నాడు. ఆ గ్లాసు ఆయన నెత్తిన పగల్లేదంటే పక్కవాళ్ళు ఆవిడ చెయ్యి పట్టుకోబట్టే.

ఆ సాయంత్రమే ఆవిడ పెట్టె ముందు నిలబడి, నాలుకను బలవంతాన తిన్నగా చేసుకుంది.

"నీళ్ళు ఉప్పు. నా కోడలు సచ్చిపోతాది."

"ఇన్నాళ్ళూ మీరు మెచ్చుకుంటూ వచ్చారు. ఈ మాట పొరపాటున దొర్లి ఉంటుందని తీసేశాను" అంది పెట్టె.

నీ మీద ఎక్కడ మొరపెట్టుకోవాలని అడిగితే, తనకే చెప్పమంది.

ఇక మిగిలింది ఎస్తేరు. ఆ ఊరి పిల్లే. ఆసుపత్రిలో సిబ్బందికిచ్చే మంచినీళ్ళలో తన వాటా తాగకుండా డబ్బాలో పట్టి, రోజూ డ్యూటీ దిగాక హిమజకు మోసుకొచ్చేది. తనేమో ఇంటికెళ్ళి ఆ ఉప్పునీళ్ళే తాగేది. నీళ్ళు మొయ్యడం కూడా ఆ సదువులోనే నేర్పారా తల్లీ అని నూకరత్నం అంటే, "నీ నోటికంటే బరువా పిన్నీ" అని నవ్వేది.

దేశంలో ఎక్కడా లేనన్ని మెచ్చుకోళ్ళు ఆ లంకల నుంచే వస్తుంటే, పెట్టె చేసినవాళ్ళకే చివరికి అనుమానం తగిలింది. వాళ్ళు అధికారులు కారు కాబట్టి చెవిమూతల్లేవు. వచ్చి టీకొట్టు దగ్గర కూర్చుని నాలుగు మాటలు విన్నారు, తల పట్టుకున్నారు. పెట్టెకు వంకరమాట పసిగట్టడం నేర్పారు. ఇక్కడివాళ్ళు ఎవరినైనా గట్టిగా పొగిడితే అది తిట్టేనని దాని బుర్రలోకెక్కించారు. ఇంజనీరు ఉద్యోగం ఊడింది, కుళాయిలో తియ్యటి నీళ్ళొచ్చాయి.

హిమజ పురుడు కష్టమైంది. ఎస్తేరు పక్కనుంచి కదల్లేదు. ఇద్దరూ దక్కారు.

మనవణ్ణి చేతుల్లోకి తీసుకున్నాక నూకరత్నం ఆగలేకపోయింది. పెట్టె దగ్గరకు పరిగెత్తి, కళ్ళనీళ్ళు కారిపోతుంటే చెప్పింది. "మా ఎస్తేరు దేవత. దాని సేతులు బంగారం. అలాంటి నర్సు ఇంకెక్కడా ఉండదు."

"మీ బాధ అర్థమైంది" అంది పెట్టె. "ఆమెను ఇప్పుడే తొలగించాం."

నూకరత్నం గుండెలు బాదుకుంది. అది ఎటకారం కాదని, ఆ పిల్ల నిజంగానే మంచిదని, మనవడి మీద ఒట్టని మొత్తుకుంది. పెట్టె శిక్ష పెంచింది. ఇంకే ఊళ్ళోనూ ఎస్తేరుకు నర్సు ఉద్యోగం ఇవ్వకూడదంది.

ఆవిడ ఆయాసపడుతూ ఎస్తేరు ఇంటికి పోయేసరికి, ఆ పిల్ల తెల్లచీర మడతపెడుతోంది.

"నేను నిన్ను పొగిడేనే, ఎస్తేరూ. నిజంగానే పొగిడేను."

ఎస్తేరు చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన నోరది. దాన్నుంచి ఒక్క తిన్నని మాట వచ్చినట్టు ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు.

"సంతోషం పిన్నీ" అంది చివరికి. "శానా మేలు సేశావు."

తలుపు వేసుకుంది.

నూకరత్నం ఒళ్ళంతా భగ్గుమంటోంది. పెట్టెను తిట్టాలని నోరు తెరిచింది, ఇంజనీరును తిట్టాలని తెరిచింది, ఆ చెవిమూతల చట్టం చేసినవాళ్ళను తిట్టాలని తెరిచింది. తలుపు వెనక వింటున్నది ఎస్తేరు. ఏమన్నా అది తననే అనుకుంటుంది.

ఆవిడ నోరు మూసుకుని అక్కడే మెట్టు మీద కూర్చుంది.