తాళం తీసిన పది నిమిషాలు

ఆస్ట్రేలియా ఉత్తరాన, ఆర్నెమ్ ల్యాండ్ తీరంలో మా ఊరి పాటలూ ఫోటోలూ దాచే సర్వర్‌ను పన్నెండేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఏ ఇంటి ఫోల్డరు ఆ ఇంటివాళ్లకే తెరుచుకుంటుంది. మా ఆచారం ప్రకారం ఎవరైనా పోతే ఆ మనిషి ముఖం, గొంతు, పేరు అన్నీ మూసేయాలి. ఇంటివాళ్లు సరేననేదాకా మళ్లీ తెరవకూడదు.

డల్సీ అక్క చెల్లెలు పోయి నెలైంది. ఆమె పేరు నేనూ పలకను. ఫోల్డరు నా చేత్తోనే మూశాను.

మంగళవారం మధ్యాహ్నం సర్వర్‌లో పాత డిస్కు గరగరమంటుంటే కాపీ తీయబోయాను. ఒక్కో ఫైలుకు ఒక్కో అనుమతి. కాపీ మాటిమాటికీ ఆగిపోతోంది. విసుగొచ్చి, పది నిమిషాలేగా అని మొత్తం 'అందరికీ' తెరిచేశాను. వట్టి బద్ధకం.

బయట హోరున వాన. టీ కలుపుతున్నాను. సర్వర్ గది పక్కన, ఊరివాళ్లు కూర్చునే హాల్లో ఒక పెద్ద తెర ఉంది, అందరికీ తెరిచినవన్నీ దానంతటదే చూపిస్తూ ఉంటుంది.

అందులోంచి ఒక ఆడగొంతు నవ్వింది.

పరిగెత్తాను. డల్సీ అక్క, పోయినామె కూతురి చెవులు గట్టిగా మూసి పట్టుకుంది. రోవీనాకి ఆరేళ్లు. తెర వైపే చూస్తూ నవ్వుతోంది.

"ఆపరా తమ్ముడూ! దాని గొంతు వినబడితే దాని ఆత్మ ఇక్కణ్నుంచి కదలదురా. పిల్ల కోసం ఆగిపోతుంది!"

తెర కరెంటు తీగ పీకేశాను. దాన్ని చేత్తో పట్టుకునే సర్వర్ గదికి ఉరికి ఫోల్డరు మూసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

"ఇక ఎవరికీ తెరుచుకోదుగా?" హాల్లోంచి అడిగింది అక్క.

"నాకు తప్ప ఎవరికీ తెరుచుకోదక్కా."

ఆ ఫోల్డరు ఎవరెవరికి తెరుచుకుంటుందో ఆ జాబితా చూశాను. నా పేరుంది. దాని కింద... రోవీనా.

ఆ పిల్లకు పేరు రాయడమే రాదు. తీసేశాను. మళ్లీ వచ్చింది. మళ్లీ తీసేశాను. కిటికీ లేని ఆ గదిలో చుట్టిన పొగాకు వాసన... పోయినామె చుట్టుకునే పొగాకు.

"అక్కా... రోవీ ఏం చేస్తోంది?"

"ఇప్పుడే నిద్రపోయింది. నా ఒళ్లోనే."

"లేపు."

అక్క పిల్లను తట్టి లేపుతున్న చప్పుడు వినబడింది.

"లేవట్లేదు తమ్ముడూ... ఏయ్ రోవీ... రోవీ!"

జాబితాలో ఇప్పుడు ఒక్క పేరే ఉంది. నాది కాదు. ఫోల్డరులో కొత్త రికార్డింగు, ఇవాళ్టి తేదీతో. నొక్కాను.

'మీకు అనుమతి లేదు.'

పన్నెండేళ్లలో ఆ మాట నాకెప్పుడూ రాలేదు. అదే క్షణం హాల్లో నవ్వులు వినిపించాయి. రెండు గొంతులు. ఒకటి చిన్నపిల్లది.

"తెర ఆపరా!" అని అక్క గుండెలు పగిలేలా అరిచింది.

తెర తీగ ఇంకా నా చేతిలోనే ఉంది.