ఓడినవాళ్ళు లేని పెట్టె

పాంగ్ చనిపోయి ఇరవై నిమిషాలైన సంగతి ఆ ఫుడ్ సెంటర్లో ఎవరికీ తెలియలేదు. ఫ్యాన్ కింది బల్ల దగ్గర, చేపముద్దల నూడుల్స్ గిన్నె ముందు, తల వాల్చుకుని కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు అలా కునుకు తీయడం అక్కడ మామూలే. ఎవరో పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపుకుని, కాఫీ తెచ్చుకుని, అతని మోచేతి పక్కనే తాగి వెళ్ళిపోయారు. గిన్నెలు తీసే ముసలాయన భుజం తట్టినప్పుడు పాంగ్ మెల్లగా పక్కకి ఒరిగాడు.

బల్ల మీద అతని ఫోన్. తెర మీద ఒక జియోకాష్ పేజీ.

పదకొండు గంటలకు టెంగ్ బూన్ లియాట్ ఆఫీసు మెట్లెక్కాడు. బయట బోర్డు మీద సీలింగ్ ఫ్యాన్ల దిగుమతి కంపెనీ పేరు ఉంటుంది. లోపల గూఢచారి శాఖ, దాని అధికారి మేడమ్ రొహానా ఉంటారు. ఆమె ఎదురు కుర్చీలో పదహారేళ్ళుగా కూర్చుంటున్నాడు టెంగ్. ఒక్కసారీ వెనక్కి ఆనుకోలేదు.

"పొద్దున ఫుడ్ సెంటర్లో చంపేశారే, ఆ పాంగ్ మన రికార్డు గదిలో గుమస్తా," అంది రొహానా. "మూడు రోజుల కింద ఒక మెమరీ కార్డు బయటికి తీసుకెళ్ళాడు. అందులో పదకొండు పేర్లు. నీళ్ళకవతల మనకోసం పనిచేసేవాళ్ళవి."

పదకొండింట్లో ఒకటి జుమారి అని టెంగ్‌కి తెలుసు. బాతాం దీవిలో పడవ సామాన్ల కొట్టు పెట్టుకున్న జుమారిని నాలుగేళ్ళ కింద ఒప్పించింది తనే. జుమారి ఒకటే షరతు పెట్టాడు: 'నా పేరు ఎక్కడా రాయకండి సార్.' టెంగ్ అతని భుజం మీద చెయ్యేసి రాయనన్నాడు. తిరిగొచ్చిన రోజే రాశాడు. రూలు అది. ఇచ్చిన మాటా, రాసిన పేరూ అతని మనసులో పక్కపక్కనే పడుకుని, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా నాలుగేళ్ళు గడిపాయి.

"కార్డు ఎక్కడుంది?"

"పాత చీనా శ్మశానంలో, ఒక జియోకాష్ డబ్బాలో. పాంగ్ ఫోన్లో దాని పేజీ ఉంది. ఇవెట్ చెప్పింది. సాయంత్రం ఆరింటికి దర్జీ వచ్చి తీసుకుంటాడట."

ఇవెట్ హోటల్లో పాటలు పాడుతుంది. రెండేళ్ళుగా ఇలాంటి పేర్లు కొనే ఒక విదేశీ ముఠాకీ పనిచేస్తుంది, వాళ్ళ గుట్టు రొహానాకీ చెబుతుంది. దర్జీ అన్నది మారుపేరు, ఆ ముఠా సరుకును సరిహద్దులు దాటించేవాడిది. వాడి ఫొటో ఏ దేశం దగ్గరా లేదు. సురబాయలో పదకొండు రోజులు ఒక కిటికీ దగ్గరే కూర్చుని వాడి ముఖం చూసినవాడు టెంగ్ ఒక్కడే.

"ఈ జియోకాష్ ఏమిటి మేడమ్? పిల్లలాటా?"

"రిటైరైనవాళ్ళ ఆట. ఎవరో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. దొరికినవాళ్ళు లోపలి కాగితం మీద సంతకం చేసి, మళ్ళీ అక్కడే పెట్టి, పేజీలో రాస్తారు. నువ్వు డబ్బా తీసి, దర్జీ కోసం కాచుకో. రెండు గేట్ల దగ్గరా మనవాళ్ళ కార్లుంటాయి. ఫోన్లో 'అన్నం ఉడికింది' అంటే దొరికినట్టు. 'మాడింది' అంటే నువ్వు ప్రమాదంలో ఉన్నట్టు."

"దొరకకపోతే?"

"దానికి మాట లేదు. ఆరు దాకా కదలకు."

మధ్యాహ్నం హోటల్ లిఫ్టులో, మూడో అంతస్తుకీ పద్నాలుగో అంతస్తుకీ మధ్య, ఇవెట్ అతని చేతిలో డబ్బా చోటు రాసిన చీటీ పెట్టింది. ఆకుపచ్చ సిల్కు గౌను. అద్దంలో చూసుకుంటూ లిప్‌స్టిక్ సరిచేసుకుంది.

"నిన్నే పంపుతున్నారన్నమాట. మంచిది. వేరేవాళ్ళైతే అరగంటకే విసుగుపుట్టి వచ్చేస్తారు."

"పాంగ్‌ని ఎవరు చంపారు?"

"నన్నడిగితే ఎలా చెప్పేది? పొద్దున పదింటి దాకా నిద్రపోయేదాన్ని." తలుపు తెరుచుకుంది. "జాగ్రత్త టెంగ్. అక్కడ దోమలెక్కువ."

ఒంటిగంటంబావుకి టెంగ్ శ్మశానంలో ఉన్నాడు. సమాధి రాళ్ళ మీద అక్షరాలకు ఎర్రరంగు దిద్దే కూలివాడి వేషం. గడ్డి టోపీ, రంగు డబ్బా, డబ్బా అడుగున పిస్తోలు. కుంచె పిడిలో లోహాన్ని పసిగట్టే యంత్రం. ఇనుము తగిలితే అరచేతిలో సన్నగా వణుకుతుంది. గుట్ట మీద సమాధులు గుర్రపునాడాల్లా ఒకదాని మీదొకటి ఎక్కి, చెట్ల వేళ్ళ మధ్య కూరుకుపోయి ఉన్నాయి. ఒక ధనవంతుడి సమాధికి రెండు వైపులా తలపాగాలతో రాతి సిక్కు కాపలాదార్లు. పేజీలో సూచన ఒకటే: 'ఆయన చూడని చోట.' కష్టం, అయిదుకి నాలుగున్నర. కింద పంతొమ్మిది మంది రాసిన మాటలు. దొరికింది. భలే దాచారు. ఓపిక ఉండాలి. దొరికింది.

కుంచె వణికిన చోటల్లా తవ్వాడు. అగరొత్తుల రేకుడబ్బా. బిస్కెట్ల మూత. శవపేటిక మేకు ఒకటి, తుప్పుపట్టి వేలికి అంటుకుంది. దాన్ని తిరిగి మట్టిలో గుచ్చి చాలాసేపు చెయ్యి తుడుచుకున్నాడు.

మొదటి గంటలో మనిషి వస్తువును వెతుకుతాడు. రెండో గంట నుంచి, మొదటి గంట వృథా కాలేదనడానికి ఒక ఆనవాలు వెతుకుతాడు. ఇది టెంగ్‌కి తెలుసు. తెలిసినా చేతులు ఆగలేదు. ప్రతి రాయీ ఇంతకుముందు చూసిన రాయిలాగే ఉంది. ప్రతి రాయీ సరిగ్గా చూడని రాయిలాగా ఉంది. రాతి కాపలావాడి కళ్ళు తన వీపు మీద ఉన్నాయనిపించి తిరిగి చూశాడు. ఆ కళ్ళు ఎటూ చూడటం లేదు. వాన ఒక జల్లు కొట్టి ఆగింది. కీచురాళ్ళు ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగిపోయేవి. అవి ఆగినప్పుడల్లా జుమారి కొట్టు తలుపు ఎవరో తీస్తున్నట్టు వినిపించేది.

మూడున్నరకి ఫోన్ మోగింది.

"అన్నం ఉడికిందా?"

"ఇంకా లేదు మేడమ్."

నాలుగుంబావుకి ఒక సమాధి వాలుగోడ నుంచి పూల బొమ్మల పెంకు ఒకటి ఊడబెరికాడు. వెనక సున్నం తప్ప ఏమీ లేదు. రెండో పెంకు కింద ఉలి పెట్టాడు.

"ఏం పెయింటరువయ్యా. ఒక్క అక్షరానికీ రంగు పడలేదు, గోడ మాత్రం సగం ఊడింది."

టెంగ్ చెయ్యి రంగు డబ్బాలోకి దిగింది. పైన కాలిబాటలో చేతికర్ర పట్టుకున్న ముసలావిడ. పూల చొక్కా, స్కూలు పిల్లలు పెట్టుకునే టోపీ, మోకాలికి పట్టీ.

"ఇంటివాళ్ళే రిపేరు చెయ్యమన్నారు ఆంటీ."

"ఈ ఇంటివాళ్ళు మెల్‌బోర్న్ వెళ్ళి ముప్పై ఏళ్ళైంది. నువ్వూ డబ్బా కోసమేగా? చెప్పు, సిగ్గెందుకు. నా పేరు గ్వెక్ నియో. స్కూలు వ్యాను తోలేదాన్ని. ఇప్పటికి నాలుగు వేల ఆరొందల డబ్బాలు తీశాను." కర్ర ఆనించుకుంటూ దిగింది. "మోకాలి ఆపరేషనై మూడు నెలలు ఇంట్లో పడున్నాను. ఇవాళే వదిలింది మా కోడలు. ఎంతసేపట్నుంచి వెతుకుతున్నావు?"

"మూడు గంటలు."

ఆమె అతని వంక, ఊడిన పెంకు వంక, మళ్ళీ అతని వంక చూసింది. "మూడు చుట్లు, నలభై నిమిషాలు. అంతే నా లెక్క. ఆ తర్వాత వెతుకుతున్నానంటే డబ్బా కోసం కాదు, డబ్బా మీద పగబట్టానన్నమాట. పగబట్టినవాళ్ళే ఇలా సమాధులు పీకేది. ఆ పెంకు మళ్ళీ పెట్టెయ్."

టెంగ్ పెట్టాడు.

"ఇది ఇక్కడ ఉంది ఆంటీ. నాకు ఖాయంగా తెలుసు."

"ఎవరు చెప్పారు?"

ఆమె కళ్ళద్దాలు పైకి నెట్టి ఫోన్ తీసింది. పేజీ కిందిదాకా వెళ్ళింది, మళ్ళీ పైకి వచ్చింది. పెదవి విరిచింది.

"పంతొమ్మిది మందికి దొరికింది. బాగానే ఉంది. దొరకలేదని రాసినవాళ్ళేరీ?"

"ఎవరూ లేరు."

"అదే అడుగుతున్నా. నాలుగున్నర కష్టం బాబూ ఇది. బస్టాపు బెంచీ కింద అంటించిన డబ్బాకే నలుగురు ఓడిపోతారు మా వాళ్ళు. నేనే మూడొందల పన్నెండు సార్లు దొరకలేదని రాశాను."

"ఓడినవాళ్ళు సిగ్గుపడి రాయలేదేమో."

"కొందరు రాయరు. అట్లాంటివాణ్ణి మేం భోజనానికి పిలవం. కానీ ఒక్కరూ రాయకపోవడం ఎక్కడుంది? ఈ పంతొమ్మిది మందిలో ఒక్కడి పేరూ నేను విన్లేదు. ఇదంతా ఒకడే కూర్చుని రాసినట్టుంది." కర్ర కొనతో రాతి కాపలావాడి పాదాల దగ్గర చూపించింది. "ఈ పాచి చూడు. ఇవాళ నువ్వు గీకిందే గీత. పంతొమ్మిది మంది చేతులు పెడితే ఇలా మెత్తగా ఉంటుందా? అబద్ధమాడేవాడు గెలిచానని రాస్తాడు. ఓడిపోయానని కూడా అబద్ధం రాయాలని వాడికి తోచదు. ఇక్కడ డబ్బా లేదు. ఎప్పుడూ లేదు."

టెంగ్ సమాధి గట్టు మీద కూర్చున్నాడు.

మొదట కలిగింది భయం కాదు, కోపం. ఈ ముసలావిడ తన మూడు గంటలనూ నేల పాలు చేస్తోంది. ఆమె కూడా వాళ్ళ మనిషేమో. తనని ఇక్కణ్ణుంచి పంపించెయ్యడానికి వచ్చిందేమో. ఆ అనుమానాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. అందులో సాక్ష్యం లేదు, ఇంకాసేపు వెతకాలన్న కోరిక ఉంది. దాన్ని పక్కన పెట్టాక మిగిలిన ప్రశ్న చాలా చిన్నది. డబ్బా లేకపోతే ఇక్కడ దాచింది దేన్ని?

తనని.

దర్జీ ముఖం తెలిసిన ఒక్క మనిషిని, ఆరు దాకా, మైళ్ళ దూరంలో దాచారు. ముఖం గుర్తుపట్టాల్సిన చోటు శ్మశానం కాదు. ఊరు దాటే చోటు. బాతాంకి ఫెర్రీ ఎక్కే రేవు.

ఫోన్ చేశాడు.

"అన్నం ఉడికిందా?" అంది రొహానా.

"బియ్యమే లేదు మేడమ్."

"ఏ మాట అది? మన గుర్తుమాటల్లో లేదే."

"ఇక్కడ కార్డు లేదు. నన్ను ఇక్కడ కట్టేశారు. రేవుకి పోతున్నాను."

"మూడు గంటలు వెతికి దొరకలేదని లేదంటే ఎలా టెంగ్? నువ్వు వెళ్ళిపోయాక దర్జీ వస్తే? పదకొండు మంది. ఆరు దాకా కదలకు. ఇది పై నుంచి వచ్చిన ఆర్డరు."

టైం నాలుగూ యాభై రెండు. ఆమె చెప్పిందీ నిజమే కావచ్చు. వదిలెయ్యడానికి రుజువు దొరకదు. దొరికేదే అయితే ఎవరూ అతిగా వెతకరు. జుమారి ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. భుజం మాత్రమే గుర్తొచ్చింది, తన చేతి కింద.

"వెళ్తున్నాను మేడమ్," అని ఫోన్ పెట్టేశాడు.

"ఆంటీ, ఈ మాట ఎవరితోనూ అనకండి."

"నేను పేజీలో దొరకలేదని రాసుకోవాలి కదా?"

"రేపు రాయండి."

కారు దక్షిణానికి పరుగెత్తుతుండగా రొహానా మళ్ళీ చేసింది. గొంతు మారింది. "ఇవెట్ ఫోన్ హోటల్ గదిలో మోగుతోంది. గదిలో ఆమె లేదు. రేవుకి టాక్సీ మాట్లాడుకుందని దర్వాను చెప్పాడు. ఫెర్రీ అయిదూ నలభైకి. పడవ కట్టే తాడు పాడైందని నాలుగు నిమిషాలు ఆపించగలను. అంతకుమించి నావల్ల కాదు."

అయిదూ ముప్పై ఎనిమిదికి టెంగ్ బోర్డింగ్ హాల్లోకి అడుగుపెట్టాడు. రెండొందల మంది. బుట్టలు, పిల్లలు, గోల్ఫ్ సంచులు. కళ్ళు అప్పుడే ఒక్కో ముఖాన్నీ పీకి చూడటం మొదలుపెట్టాయి. మధ్యాహ్నం రాళ్ళని పీకినట్టే. ఆగాడు. స్తంభానికి ఆనుకుని, దేన్నీ వెతక్కుండా, ఆ గుంపును మొత్తంగా చూశాడు.

అందరూ గేటు వైపు చూస్తున్నారు. ఒక్క మనిషి మాత్రం వచ్చే దారి వైపు చూస్తోంది.

నర్సు బట్టలు, తల మీద గుడ్డ, ముఖానికి మాస్కు. చక్రాల కుర్చీ తోస్తోంది. కుర్చీలో కట్టు కట్టిన కాలితో ఒక ముసలాయన. ఆమె కళ్ళు టెంగ్ దగ్గర ఆగాయి. అరక్షణం, అంతే. ఆమె వేళ్ళు ముసలాయన భుజాన్ని నొక్కాయి. ముసలాయన తల తిప్పాడు. సురబాయ కిటికీలోని ముఖం.

గేటు గొలుసు తీశారు. దర్జీ చెయ్యి కట్టులోకి వెళ్ళి, అక్కణ్ణుంచి నోటి దగ్గరికి లేచింది. టెంగ్ ఎవరి బుట్టనో తన్నుకుంటూ దూకాడు. ఇద్దరూ కుర్చీతో సహా పడ్డారు. టెంగ్ బొటనవేలు వాడి దవడల మధ్య ఇరుక్కుంది. వాడు ఎముక దాకా కొరికాడు. వేలు తియ్యలేదు టెంగ్. పళ్ళ వెనక, గోరంత నల్లటి మెమరీ కార్డు, నాలుక మీద.

తాడు బాగైందని మైకులో చెప్పారు.

రేవు పోలీసులు ఇవెట్ చేతులకు సంకెళ్ళు వేస్తుంటే మాస్కు జారింది. లిప్‌స్టిక్ చెదరలేదు. "నువ్వు ఆరు దాకా ఉండాల్సింది," అంది, మాట తప్పిన స్నేహితుణ్ణి అడిగినట్టు.

"నాకొచ్చిన ఆర్డరూ అదే."

వేలికి కుట్లు వేస్తుండగా రొహానా వచ్చి పక్కన నిలబడింది. "జుమారికి చెప్పించనా? తప్పిన గండం సంగతి?"

"వద్దు మేడమ్. తన పేరు ఎక్కడా రాయలేదనే అనుకుంటున్నాడు."

ఆ పేర్ల పట్టిక మార్పిస్తానంది రొహానా. మార్పించిందో లేదో టెంగ్ అడగలేదు.

పదో రోజు పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. అనుమతి లేకుండా, నిర్ణీత సమయానికి అరవై ఎనిమిది నిమిషాల ముందు వెతుకులాట విరమించినందుకు సంజాయిషీ. కారణం అన్న గడిలో టెంగ్ 'వస్తువు అక్కడ లేదు' అని రాశాడు. ఈ నిర్ణయానికి తోడ్పడినవారి పేరు, చిరునామా అన్న గడిలో ఏమీ రాయలేదు. అసంపూర్ణమని ఎర్రసిరాతో తిరిగొచ్చింది. అలాగే పంపాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ అలాగే పంపాడు.

మూడోసారికి వాళ్ళే మానుకున్నారు.