మేయర్ వీడ్కోలు

“ఈసారి గురి మేయర్ మీద,” అన్నాడు చీఫ్, కారు అద్దం మీది మంచు గీకుతూ. “నాలుగేళ్ళ క్రితం గవర్నర్ చేతిలో ఓడిపోయింది. మళ్ళీ ఆ ఇద్దరే పోటీలో ఉన్నారు. ఇప్పుడు ఆమె చస్తే జనం గవర్నర్‌నే అనుమానిస్తారు. రాష్ట్రం తగలబడుతుంది. విదేశీ ముఠాకి కావలసింది అదే.”

“ఎప్పుడు?” అంది అతని ఏజెంట్ వెర్నా.

“రేపటి సభలో అంటోంది ఇరీనా.”

ముఠాలో ఉంటూ వీళ్ళ గూఢచారి విభాగానికి కబుర్లు చేరవేసే మనిషి ఇరీనా. వెర్నా సరేనంది. రెండేళ్ళ క్రితం తన జతగాడు కర్ట్ ఎక్కిన కారు కళ్ళముందే పేలిపోయింది. ఆ రోజు నుంచి ఏ వార్తా ఆమె లోపలికి దిగడం లేదు.

ఎన్నికల ముందు ఆఖరి శుక్రవారం అది. మిల్వాకీ నగరం దక్షిణాన ఒక చర్చి హాల్లో, ఆనవాయితీ ప్రకారం, ప్రత్యర్థులిద్దరూ చేపల వేపుడు తింటున్నారు. జుట్టుకు వల, చెవిలో ఇయర్‌ఫోన్, నడుముకు ఏప్రన్‌తో వెర్నా చేపలు వేయించి వడ్డిస్తోంది. మరుగుతున్న నూనె మణికట్టు మీద చిందింది. బొబ్బ లేచాక గానీ చూసుకోలేదు.

“ఏం రమోనా, ఇంకో ముక్క వేసుకో. ఓడినప్పుడు కడుపైనా నిండుగా ఉండాలి,” అన్నాడు గవర్నర్ టోలెఫ్‌సన్.

“నీ సామాన్లు సర్దుకోవడానికి అట్టపెట్టెలు నేనే పంపిస్తాలే ఆర్నీ,” అంది మేయర్ రమోనా కుల్చిక్. అక్కడివాళ్ళు సెలవు తీసుకునేముందు చేసేట్టే, తొడల మీద రెండు చేతులూ చరిచింది. “సరే, ఇక బయల్దేరతా.”

కిటికీ పక్క టేబుల్ దగ్గర విలేకరి వేషంలో ఉన్న ఇరీనా లిప్‌స్టిక్ తీసి, మూత ఒకసారి నొక్కి, పెదవులకు తాకించకుండానే చేతిలో పెట్టుకుంది.

మేయర్ లేచింది. కోటు తొడుక్కుంది. తలుపు దాకా వెళ్ళి, అక్కడ గవర్నర్ భార్య కనబడితే ఆగింది. గుమ్మడి కేకులో ఏం కలపాలో చెప్పింది. మళ్ళీ “వస్తా” అంది. ఎవరి తోడల్లుడి ఆపరేషన్ గురించో అడిగింది.

ఇరీనా గడియారం చూసుకుంది. కుర్చీని కిటికీకి దూరంగా జరుపుకుంది. వెర్నా అదంతా గమనించింది.

వెర్నా కాఫీ జగ్గుతో ఆమె పక్కకి వెళ్ళి, లిప్‌స్టిక్ ఉన్న చేతిని పట్టుకుంది. “రేపు కాదన్నమాట. ఈరోజే. కారులోనా?”

“వెళ్తానని చెప్పింది కదా,” అంది ఇరీనా. “ఈపాటికి ఆ కారు దారిలో వంతెన మీద ఉండాలి. మీవాళ్ళు వెళ్తానంటే వెళ్ళరా?”

“వెళ్ళరు. ఆపు దాన్ని.”

“ఒకసారి నొక్కితే ఆగదు.”

కిటికీలోంచి మేయర్ కారు కనబడుతోంది. అందులో డ్రైవర్ లెస్టర్ హీటర్ వేసుకుని కూర్చున్నాడు. బాంబు అని అరిస్తే హాలు మొత్తం ఆ ఒక్క తలుపులోంచే తమ కార్ల దగ్గరకి పరుగెత్తుతుంది. వెర్నా లిప్‌స్టిక్ లాక్కుని, నాలుగు చేపముక్కలు రేకు కాగితంలో చుట్టింది.

“మేడమ్, మీ చెల్లెలి మోకాలు ఎలా ఉంది?” అంది మేయర్‌ని దాటుతూ.

“ఆ డాక్టర్ సంగతి చెప్పలేదు కదూ నీకు,” అంటూ మేయర్ కోటు బొత్తాలు విప్పుకుంది.

వెర్నా తలుపు తెరిచింది. “లెస్టర్, మీ అమ్మకి చేప కట్టాను. చల్లారిపోతోంది, వచ్చి పట్టుకెళ్ళు.”

కారు అద్దం దిగింది. “వద్దులేమ్మా, ఎందుకు నీకు శ్రమ?”

“శ్రమేం లేదు. రా.”

“నిజంగా వద్దమ్మా.”

“లెస్టర్, చేప పంపలేదని రేపు మీ అమ్మ నన్ను తిడుతుంది.”

అతను నిట్టూర్చి దిగాడు. మెల్లగా వచ్చాడు. గడప దాటి, పొట్లం అందుకుని, “నిమ్మబద్ద వేశావా?” అన్నాడు.

కారు పేలింది. కిటికీలు పగిలాయి. వెర్నా అతన్ని ఇంకా లోపలికి లాగి తలుపు మూసింది.  లెస్టర్ పొట్లం మాత్రం వదల్లేదు.

“దెబ్బ తగిలిందా?” అన్నాడు చీఫ్ చెవిలో.

వెర్నా మణికట్టు చూసుకుంది. “కొంచెం మండుతోంది,” అంది. తన మాటకి తనే ఆశ్చర్యపోయింది.

పోలీసులు ఇరీనాను తీసుకెళ్ళారు. గవర్నర్ తన కారులో మేయర్‌ని దింపుతానన్నాడు.

మేయర్ తొడల మీద చేతులు చరిచింది. “సరే, ఇక బయల్దేరతా.”

హాల్లో ఒక్కరు కూడా కోటు అందుకోలేదు.